పడుకోవడానికి లక్షన్నర: బిజినెస్ క్లాసు టికెట్‌కు అంత పెట్టొచ్చా?

అమెరికా నుంచి వచ్చినప్పటి నుంచి మా వీధిలో మనుమరాలి గురించి అడిగినవాళ్ల కన్నా విమానం గురించి అడిగినవాళ్లే ఎక్కువ. "అక్కా, ముందు సీట్లల్ల పండుకొని వచ్చినవట గదా, ఎట్లుంటది?" అని. వాళ్ల పిల్లలూ టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. వాళ్లకూ కాన్పులున్నాయి, గృహప్రవేశాలున్నాయి, మోకాళ్ల నొప్పులు సరేసరి. ఒక్కొక్కరికీ చెప్పే బదులు రాసి పెడితే పోతుందని కూర్చున్నా. ముందే చెప్పేస్తా: బిజినెస్ క్లాసులో మనం కొనేది పడక. మిగతాదంతా పైపై హంగు. ఆ పడక మీద నిజంగా ఎన్ని గంటలు నిద్రపోతారో చూసుకొని, ప్రయాణంలో ఆ ముక్క వరకే డబ్బు పెట్టండి.

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు. మా బిడ్డ డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. దాని కాన్పుకు పోయేటప్పుడు నేనూ మా ఆయనా ఇద్దరం ఎకానమీలోనే పోయాం. వానాకాలం వడ్లు మిల్లుకు వచ్చే వేళకు ఆయన ఎకానమీలోనే వెనక్కి వచ్చేశారు. నేను పాప మెడ నిలబెట్టేదాకా ఉండి, ఒక్కదాన్నే బిజినెస్‌లో వచ్చా. అది అల్లుడు పట్టుబట్టి చేసిన పని. "అత్తమ్మా, ఆ మోకాళ్లతో మళ్లా ఆ సీట్ల వద్దు" అన్నాడు. కాబట్టి దారి అదే, సంస్థ అదే, క్లాసు మాత్రమే వేరు. సంస్థ పేరు రాయను. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట దిగి ఎక్కాల్సిందే. మేం గల్ఫ్‌లో మారాం. శంషాబాద్ నుంచి అక్కడికి నాలుగు గంటలు. అక్కడి నుంచి డల్లాస్‌కు 16 గంటలు. తిరిగి వచ్చేటప్పుడు ఈ పెద్ద ముక్క గంట, గంటన్నర తగ్గుతుంది. పైన గాలి పడమర నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది, మనకు తోడు వస్తుంది.

ముందు సామాను సంగతి. మా ఎకానమీ టికెట్‌కు మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు ఇచ్చారు. తక్కువ రేటు టికెట్‌కు ఒకటే పెట్టె ఇచ్చే సంస్థలూ ఉన్నాయి, కొనేముందు చూసుకోండి. కాన్పుకు పోయే తల్లి పెట్టెలో ఏముంటాయో మన ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. శొంఠి పొడి, కరివేపాకు కారం, ఎల్లిపాయ కారం, మెంతి లడ్డూలు, సకినాలు, పొత్తిళ్లకు మెత్తబడిన పాత చీరలు. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే మిషన్లను మా ఆయన నమ్మరు. పెట్టెలు నాలుగూ మిల్లుకు పంపించి, బియ్యం బస్తాలు తూచే కాటా మీద పెట్టించారు. ఒకటి 23.6 చూపింది. హమాలీలందరి ముందూ పెట్టె తెరిపించి, సకినాల డబ్బా ఒకటి తీయించి, మళ్లీ తూచి, 22.9కి వచ్చాకే జిప్పు వేయించారు. శంషాబాద్ కౌంటర్‌లో కూడా ఆ పెట్టె 22.9 చూపింది. ఆయన ముఖం చూడాలి అప్పుడు. "తూనికల శాఖ ముద్రున్న కాటా అమ్మా అది" అని కౌంటర్ అమ్మాయికి చెప్పారు. తెలుగు వచ్చో రాకో, ఆ పిల్ల నవ్వి ట్యాగు అంటించింది.

హైదరాబాద్ వాళ్లు రాసే రివ్యూల్లో ఇంకో లెక్క ఉండదు. మిర్యాలగూడ నుంచి అద్దంకి రోడ్డు మీద నల్గొండ దాటి, నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి, చౌటుప్పల్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ పట్టుకొని శంషాబాద్ చేరేసరికి మూడున్నర గంటలు. పంతంగి టోల్ దగ్గర పండగ రద్దీ ఉంటే ఇంకా ఎక్కువ. అంటే విమానం మెట్టు ఎక్కకముందే మా కాళ్లు సగం పట్టేసి ఉంటాయి. మా గడప నుంచి బిడ్డ గడప దాకా ముప్పై గంటలు పైనే. విమానంలో కూర్చునే గంటలు చూసి టికెట్ ఎంచుకుంటే మనలాంటి ఊళ్లవాళ్లకు లెక్క తప్పుతుంది.

ఎకానమీ సీట్లు మూడు, నాలుగు, మూడు వరుసన. సీటు వెడల్పు 17 అంగుళాలు. మన సీటు వీపు నుంచి ముందు సీటు వీపు దాకా 31, 32 అంగుళాలు. అందులో సీటు మందం, మన తొడ పొడవు పోగా మోకాలికి మిగిలేది నాలుగు వేళ్లు. ముందాయన సీటు వాల్చుకుంటే అదీ లేదు. నాకు కుడి మోకాలు అరిగింది, మడిచి ఉంచితే గంటకు బిగుసుకుపోతుంది, చాపితేనే ఊరట. చాపడానికి అక్కడ చోటేది? ముందు సీటు కిందకు పాదం తోసుకుంటే చేతిసంచి అడ్డం. నడవ వైపు చాపితే ట్రాలీ వచ్చి తగులుతుంది. మా ఆయన కిటికీ, నేను మధ్య, సూర్యాపేట నుంచి వచ్చిన ఒకావిడ నడవ వైపు. నేను లేవాలంటే ఆమె లేవాలి. ఆమెకూ మోకాళ్లే. ఇద్దరం ఒకరి చేయి ఒకరం పట్టుకొని లేచి, బాత్రూం దాకా నడిచి, అక్కడ వంటగది పక్కన పరదా దగ్గర కాసేపు నిలబడి మాట్లాడుకొని వచ్చేవాళ్లం.

ఆవిడకూ బిడ్డ కాన్పే, దిగేది ప్లేనోలో. డల్లాస్ చేరేలోపు వాళ్ల వియ్యంకుడు కట్నం దగ్గర ఎంత సతాయించాడో, వాళ్ల కొడుకు హెచ్‌1బీ ఎక్కడ ఆగిందో అంతా నాకు తెలిసిపోయింది. మా పులిహోర ఆమె తిన్నది, ఆమె చేసిన అప్పాలు మేం తిన్నాం. ఆ కబుర్లు లేకపోతే ఆ 16 గంటలు నేను ఏడ్చేదాన్నే. నిద్ర మాత్రం లేదు. కన్ను మూత పడితే తల పక్కకు వాలడం, ఉలిక్కిపడి లేవడం. డల్లాస్‌లో దిగేటప్పుడు చెప్పుల్లో పాదం పట్టలేదు. మడమ బయటికే ఉంచి, పట్టీ తొక్కుకుంటూ వీల్‌చెయిర్ దాకా వెళ్లా. వాపు పూర్తిగా తగ్గడానికి రెండు రోజులు పట్టింది. ఇంట్లో నిండు గర్భిణి. నేను వంట చేసిపెట్టడానికి పోయి సోఫాలో కాళ్లు పైకెట్టుకొని కూర్చుంటే, అదే నాకు కాఫీ తెచ్చిచ్చింది.

ఇక బిజినెస్. డల్లాస్‌లో కౌంటర్ వేరు, లైన్లో ముగ్గురున్నారు. పెట్టెకు 32 కిలోల లెక్క. తిరుగు ప్రయాణంలో ఆ అదనపు కిలోలతో నాకు పనేముంది? బాదం, వాల్‌నట్లు, చాక్లెట్లు, చుట్టాలు చెప్పి పంపిన విటమిన్ గోళీలు. సకినాలు మోసుకుపోయేటప్పుడు అవసరమైన కిలోలు అవి.

విమానంలో సీట్లు ఒకటి, రెండు, ఒకటి. ఏ సీటులో కూర్చున్నా అడుగు వేస్తే నడవే. లేవడానికి ఎవరినీ లేపక్కర్లేదు. గంటకోసారి బాత్రూంకు లేచే వయసులో ఇది చిన్న విషయం కాదు, పడక తర్వాత నా మార్కులు దీనికే. సీటు పక్కన బొమ్మలున్న బటన్లు ఉన్నాయి: కూర్చున్న మనిషి, వాలిన మనిషి, పడుకున్న మనిషి. పడుకున్న బొమ్మ నొక్కి వదిలేశా, సీటు కాస్త కదిలి ఆగిపోయింది. చెడిపోయిందేమో అనుకొని పిలిస్తే ఎయిర్‌హోస్టెస్ పిల్ల వచ్చి, వేలు తీయకుండా నొక్కి పట్టాలని హిందీలో చెప్పింది. పట్టుకుంటే సీటు మెల్లగా ముందుకు జరుగుతూ, వీపు దిగుతూ, కాళ్ల దగ్గరున్న బల్లతో కలిసి మంచమైపోయింది. దాని మీద పలచని పరుపు, దుప్పటి పరిచి, దిండు పెట్టి వెళ్లింది. బెల్టు దుప్పటి పైన కనపడేటట్టు పెట్టుకోమంది. కుదుపులు వచ్చినప్పుడు బెల్టు ఉందో లేదో చూడటానికి నిద్ర లేపకుండా ఉండటానికట. ఇది ఎకానమీలో వాళ్లకూ పనికొచ్చే మాటే.

పడక ఆరున్నర అడుగులు. నా పొడుగుకు ఎక్కువే. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇరుకు. ముందు సీటు పక్కనున్న బల్ల కింద గూడులాంటి ఖాళీ ఉంటుంది, పాదాలు అందులో పెట్టాలి. వెల్లకిలా పడుకునేవాళ్లకు అది చాలు. నేను ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు మడిచి, మధ్యలో దిండు పెట్టుకుంటే గానీ నిద్రపోను. మడిస్తే మోకాలు గోడకు తగిలింది. కాస్త పైకి జరిగి, మూలగా పడుకొని సర్దుకున్నా. క్యాబిన్‌లో మొదటి వరుసకు ఈ గూడు చాలా విమానాల్లో వెడల్పుగా ఉంటుందని అల్లుడు తర్వాత చెప్పాడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ వరుస అడగండి.

అయినా నిద్రపోయా. అట్లాంటిక్ ఎప్పుడు దాటామో, యూరప్ ఎప్పుడు వచ్చిందో తెలియదు. లేచేసరికి స్క్రీన్ మీద విమానం బొమ్మ టర్కీ దగ్గర ఉంది. దిగేటప్పుడు చెప్పులు వేసుకుంటే పట్టాయి. క్లాసు మంచిదా చెడ్డదా అని చూడటానికి నా దగ్గరున్న కొలత ఇదొక్కటే, దీంట్లో బిజినెస్‌కు నూటికి నూరు.

భోజనం గురించి అందరూ గొప్పగా రాస్తారు. తెల్లగుడ్డ పరిచారు, పింగాణీ పళ్లెం, ఒకటి తిన్నాక ఇంకొకటి తెచ్చారు. కానీ పళ్లెంలో ఉన్నది పనీరు, ఎకానమీలో ఉన్నదీ పనీరే. ఇండియన్ శాకాహారం అని ముందే చెప్పించుకుంటే ఇద్దరికీ ఒకే తరహా వంట వస్తుంది. ఆ ఎత్తులో గాలి పొడిగా ఉండి, ఒత్తిడి తగ్గి, నాలుకకు ఉప్పు, తీపి సరిగ్గా తెలియవు కాబట్టి ఏ క్లాసులోనైనా కూర చప్పగానే ఉంటుంది. చిన్న డబ్బాలో కరివేపాకు పొడి పట్టుకుపోండి. ఎల్లిపాయ కారం అయితే మూత తీయగానే క్యాబిన్ మొత్తం మీవైపు తిరుగుతుంది. ఇక వైన్లు, షాంపేన్లు అంటూ పొడుగాటి కాగితం ఇచ్చారు. నేను తాగను. ఆ సీసాల ఖర్చు కూడా నా టికెట్‌లో ఉందిగా అని కడుపు మండి, రెండు గ్లాసులు కమలాపండు రసం అడిగి తాగా.

లాంజ్‌లో, అంటే ఎయిర్‌పోర్టులో బిజినెస్‌వాళ్లు ఆగే గదిలో, స్నానం మాత్రం మరిచిపోలేను. గల్ఫ్‌లో దిగాక మూడు గంటలు ఖాళీ. వేడినీళ్లు, తెల్లటి తువ్వాలు, తలుపుకు గడియ. స్నానం చేసి, చీర మార్చుకొని, ఇడ్లీ సాంబారు తిని కూర్చుంటే ప్రయాణం అక్కడే అయిపోయిందనిపించింది. ఇదే స్నానాన్ని కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ఎకానమీవాళ్లు కూడా డబ్బు కట్టి చేయొచ్చు, లాంజ్‌కు రోజు టికెట్ అమ్ముతారు. లక్షన్నరలో దీన్ని కలిపి లెక్క వేసుకోకండి.

మనిషి మాట మాత్రం దొరకలేదు. నా పక్క సీటుకూ నాకూ మధ్య గోడ. అవతల ఒకాయన లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు, దిగేదాకా తల తిప్పలేదు. ఎయిర్‌హోస్టెస్ పిల్లలు వంగి, మోకాళ్ల మీద కూర్చొని "మేడం, ఇంకేమైనా కావాలా" అని అడుగుతుంటే నాకే ఇబ్బందిగా ఉంది. భార్యాభర్తలు కలిసి పోయేటట్టయితే మధ్యలో ఉండే జంట సీట్లు తీసుకోండి. కిటికీ మీద మోజుతో చెరో పక్క తీసుకుంటే దిగాకే కలుసుకునేది.

ఇక గల్ఫ్ నుంచి శంషాబాద్ ముక్క. దానికి బిజినెస్ దండగ. ఎక్కాక తేరుకోవడం, భోజనం, పళ్లేలు తీయడం, ఇంతలోనే "దిగుతున్నాం, సీట్లు నిలబెట్టండి" అని. పైగా ఆ విమానం పాతది. సీటు పూర్తిగా చదును కాలేదు, కాళ్లవైపు ఏటవాలు. పడుకుంటే కిందకు జారిపోతూనే ఉన్నా. అల్లుడికి చెబితే, ఒకే సంస్థలో కూడా విమానాన్ని బట్టి సీటు మారుతుందని చెప్పాడు. ఎమిరేట్స్ ఏ380లో బిజినెస్ సీట్లు ఒకటి, రెండు, ఒకటి వరుసన ఉంటే, పాత 777ల్లో రెండు, మూడు, రెండు. అంటే లక్షలు పోసి మధ్య సీటులో ఇరుక్కోవచ్చన్నమాట! ఖతార్ వాళ్ల తలుపులున్న సీట్లు, వాటినే క్యూసూట్లంటారు, కొన్ని విమానాల్లోనే ఉంటాయి. ఎయిరిండియా కొత్త ఏ350ల్లో తలుపులున్న సూట్లు 28 ఉన్నాయి, పాత విమానాలు వేరే తీరు. బిజినెస్ అన్న మాట చూసి కాదు, విమానం పేరు చూసి, సీట్ల పటం తెరిచి చూసి కొనాలి.

డబ్బు దగ్గరికి వద్దాం. మేం చూసిన రోజున రానూపోనూ ఎకానమీ మనిషికి లక్షా 30 వేలు ఉంది. వచ్చేది మాత్రం బిజినెస్ చేస్తే 2 లక్షల 80 వేలు. రెండువైపులా బిజినెస్ అయితే 4 లక్షలు దాటింది. రేట్లు రోజుకోరకంగా ఉంటాయి, తేడా ఎట్లా ఉంటుందో తెలియడానికి చెబుతున్నా. దీని మీద పన్ను కూడా గుర్తు పెట్టుకోండి. ఎకానమీ టికెట్‌కు జీఎస్టీ 5 శాతం. ప్రీమియం ఎకానమీ నుంచి పైకి అంతకుముందు 12 ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం చేశారు. అమెరికాలో ఉన్న పిల్లలైతే క్రెడిట్ కార్డు పాయింట్లు కూడబెట్టి వాటితో బిజినెస్ సీటు పట్టే మార్గం ఉంది. మా అల్లుడు కొత్త ఇల్లు కొన్నాక పాయింట్లన్నీ సోఫాలకూ టీవీకీ పోయాయట.

లక్షన్నర తేడా అని తెలిసిన రోజు మా ఆయన ఫోన్‌లోనే లెక్క మొదలుపెట్టారు. "ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర 2,389. లక్షన్నరకు అరవై రెండు క్వింటాళ్ల చిల్లర. నలభై కిలోల బస్తాలైతే నూట యాభై ఏడు. ఒక్క రాత్రి పండుకున్నందుకు నూట యాభై ఏడు బస్తాల వడ్లానే?" అన్నారు. "సన్నవడ్లనుకొని బోనస్ 500 కూడా కలుపుకోండి, పది క్వింటాళ్లు తగ్గుతయి" అన్నా. మిల్లు ఇంట్లో ముప్పై ఏళ్లు కాపురం చేసిన దాన్ని, నాకు మాత్రం లెక్కలు రావా?

ఆయన వాదనలో పస లేకపోలేదు. ఆయన ఒక్కడే ఎకానమీలో తిరిగి వచ్చినప్పుడు నడవ సీటు దొరికింది, పక్క సీటు ఖాళీ. మధ్యలో ఉన్న చేతిపట్టీ పైకెత్తేసి పడుకొని హాయిగా వచ్చారు. మోకాళ్లు బాగున్నాయి, ఎక్కడ కూర్చోబెట్టినా గురక పెట్టగలరు. అలాంటి మనిషికి బిజినెస్ కొనడం నిజంగానే వడ్లు వాగులో పోయడం. ఇక హైదరాబాద్ నుంచి ఢిల్లీకో తిరుపతికో ముందు సీట్లు కొనడం గురించి మాట్లాడటమే అనవసరం.

ఏ క్లాసులో కూర్చున్నా మారని సంగతులు కొన్నున్నాయి. గాలి ఒకటే. విమానం లోపలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత ఉంటుంది. 787, ఏ350ల్లో ఆరు వేల దగ్గర ఉంచుతారు కాబట్టి అలసట కాస్త తక్కువంటారు. అది విమానం గొప్పే, సీటు గొప్ప కాదు. డల్లాస్ ఇమిగ్రేషన్‌లో బిజినెస్ కాగితం చూపిస్తే ఎవరూ పట్టించుకోరు. వీల్‌చెయిర్ ఏ క్లాసుకైనా ఉచితమే, టికెట్ కొన్నప్పుడే చెప్పించుకోవాలి. ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చే మనలాంటివాళ్లకు విమానం మారేచోట గేటు వెతుక్కునే టెన్షన్ ఉండదు. నా మటుకు లాంజ్ కన్నా, షాంపేన్ కన్నా ఈ ఉచిత కుర్చీయే పెద్ద ప్రీమియం. కాళ్లలో రక్తం గడ్డకట్టే భయం గురించి నల్గొండలో నేను చూపించుకునే డాక్టరు చెప్పిందీ అంతే. క్లాసుతో సంబంధం లేదు, కదలకుండా కూర్చోవడమే సమస్య. నాలుగు గంటలు మించి కదలకుండా ప్రయాణం చేస్తే ఆ ముప్పు దాదాపు రెండింతలవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తేల్చింది. అయినా ఆరు వేల మందిలో ఒకరికే వస్తుందట. విమానమే కాదు, బస్సయినా రైలైనా అదే లెక్క. బిజినెస్‌లో ఒళ్లు తెలియకుండా పడుకున్నా లేచి తిరగాల్సిందే.

మధ్యలో ప్రీమియం ఎకానమీ అని ఒకటుంది. నేను కూర్చోలేదు, మా వియ్యపురాలు కూర్చుంది. కోదాడ ఆవిడ, 2024 జనవరి నుంచి హైదరాబాద్‌కు నడుస్తున్న లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోయింది. ముందు సీటు దాకా 38 అంగుళాలు, వెడల్పు కాస్త ఎక్కువ, పక్కవాళ్ల మోచేయి తగలదు. "మోకాళ్లకు సరిపోయింది వదినా, నడుముకు సరిపోలె" అన్నది. కూర్చొని నిద్రపోగలిగేవాళ్లకు ఇదే సరైన బేరమని నా అభిప్రాయం, రేటు చాలాసార్లు బిజినెస్‌లో సగం కూడా ఉండదు. కూర్చుంటే నిద్ర రానివాళ్లకు ఎన్ని అంగుళాలు పెంచినా అది కుర్చీయే.

డబ్బు పెట్టకుండా ఎకానమీనే మెరుగు చేసుకోవాలంటే, జంటగా పోయేవాళ్లు ఒకే వరుసలో నడవకు అటొకటి ఇటొకటి సీటు తీసుకోండి. ఇద్దరికీ లేవడం సులువు, చేయి చాపితే అందుతారు. కాళ్ల చోటు ఎక్కువని అత్యవసర ద్వారం దగ్గరి సీటు కొనకండి. వీల్‌చెయిర్ అడిగినవాళ్లను అక్కడ కూర్చోనివ్వరు, ప్రమాదమొస్తే ఆ తలుపు తీయగలిగినవాళ్లే ఉండాలి. గోడ ముందున్న మొదటి వరుసలో కాళ్లకు చోటుంటుంది గానీ చంటిపిల్లల ఉయ్యాలలు తగిలించేదీ అక్కడే. ట్రే చేతిపట్టీలో దాచి ఉంటుంది కాబట్టి అది పైకి లేవదు, సీటు ఇంకా ఇరుకు.

ఇంకో దారి వేలం. ప్రయాణానికి కొన్ని రోజుల ముందు చాలా సంస్థలు ఎకానమీవాళ్లకు మెయిల్ పంపుతాయి, బిజినెస్‌లో సీట్లు మిగిలాయి, ఎంతిస్తారో చెప్పండి అని. ఏ ముక్కకు ఆ ముక్క విడిగా వేయొచ్చు. నాకు నచ్చింది ఇదే, నాలుగు గంటల ముక్కను వదిలేసి పెద్ద ముక్కకే వేసుకోవచ్చు. ఒప్పుకుంటే డబ్బు కట్ అవుతుంది, తర్వాత వద్దంటే రాదు. సామాను చాలాచోట్ల పాత టికెట్ లెక్కే ఉంటుంది. ముందు చెప్పిన శాకాహార భోజనం కొత్త సీటుకు రాకపోవచ్చు, మళ్లీ ఫోన్ చేసి చెప్పించుకోవాలి.

పోయేటప్పుడు కొనాలా, వచ్చేటప్పుడు కొనాలా అంటే, కాన్పుకు పోయేవాళ్లు పోయేటప్పుడే కొనాలి. ముక్క పెద్దది, పచ్చళ్లకూ పొడులకూ కిలోలు కావాలి, దిగిన మర్నాడే పొయ్యి దగ్గర నిలబడాలి. వచ్చేటప్పుడు మన ఇల్లు, మన మంచం, నాలుగు రోజులు పడుకున్నా అడిగేవాళ్లుండరు. చూడటానికి, తిరగడానికి పోయేవాళ్లకు ఏవైపైనా ఒకటే.

పాప మొదటి పుట్టినరోజుకు మళ్లీ ఇద్దరినీ రమ్మంటున్నారు. ఈసారి ఇద్దరికీ ఎకానమీ కొని, పోయేటప్పటి పెద్ద ముక్కకు నా ఒక్కదాని పేరు మీదే వేలం వేయమని అల్లుడికి చెప్పా. 60 వేలు దాటితే వద్దన్నా. మా ఆయన 25 క్వింటాళ్లు అన్నారు, అంటే 60 వేలకు దగ్గర దగ్గరే, కాబట్టి ఒప్పుకున్నట్టే. ఆయన మాత్రం వెనక నడవ సీటులోనే కూర్చుంటారట. సూర్యాపేట ఆవిడ కూడా ఆ నెలలోనే బయల్దేరుతోంది, తేదీ కలిస్తే నా సీటు సంగతి మళ్లీ ఆలోచించాలి.